బెజవాడ ఎండకి కొదవ లేదు, ట్రాన్స్‌ఫార్మర్‌కే చోటు లేదు

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం సత్యనారాయణపురంలోనో మొగల్రాజపురంలోనో ఏ అపార్ట్‌మెంట్ డాబా ఎక్కినా ఒకటే సీను. నాలుగు వాటర్ ట్యాంకులు, కనెక్షన్ తీసేసి ఏళ్ళయినా ఎవరూ దింపని డిష్ యాంటెన్నాలు, ఓ మూల పాత చీర మీద ఆరబోసిన వడియాలు, చెప్పుల్లేకుండా అడుగు పెడితే అరికాలు కాలిపోయేంత వేడి. కింద ప్రతి ఫ్లాట్‌లో ఏసీ తిరుగుతుంటుంది. ఆ ఏసీకి కావాల్సిన కరెంటులో చాలా భాగం నెత్తి మీదే ఊరికే కాలిపోతోంది, మనమేమో దాన్ని బొగ్గు కాల్చి తీగల్లో తెప్పించుకుని నెల తిరక్కుండా బిల్లు చూసి గుండెలు బాదుకుంటున్నాం.

బొగ్గు కాలే చోటు కూడా దూరమేం కాదు, ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే, ఇబ్రహీంపట్నం. నార్ల తాతారావు థర్మల్ పవర్ స్టేషన్ అని పేరు మారి ఎన్నేళ్ళయినా ఇక్కడ జనం నోట్లో అది వీటీపీఎస్సే, అంటే విజయవాడ థర్మల్ పవర్ స్టేషనే. 1979లో మొదటి యూనిట్ మొదలైంది, తర్వాత 210 మెగావాట్లవి మొత్తం ఆరు, ఆపైన ఓ 500, ఈమధ్య ఓ 800, అన్నీ కలిపితే 2560 మెగావాట్లు. బొగ్గు ఒడిశా తాల్చేరు నుంచి, సింగరేణి నుంచి రైల్లో రావాలి. బూడిద మాత్రం ఎక్కడికీ పోదు, ఇక్కడే చెరువులా పేరుకుంటుంది, గాలి తిరిగిందంటే చుట్టుపక్కల ఊళ్ళలో దండెం మీద ఆరేసిన బట్టల మీదకి వస్తుంది. తిట్టడం తేలికే గానీ నలభై ఐదేళ్ళుగా కోస్తాలో మోటార్లు తిరిగాయన్నా ఆటోనగర్‌లో వెల్డింగ్ మెరుపులు మెరిశాయన్నా ఆ పొగగొట్టాల పుణ్యం చాలా ఉంది, అది ఒప్పుకోకుండా సోలార్ గురించి మాట్లాడటం అన్యాయం.

ఇప్పుడు లెక్కలు మారాయి. ఒక కిలోవాట్ ప్యానెల్స్‌కి సుమారు వంద చదరపు అడుగుల డాబా చాలు, మన ఎండకి సగటున రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తుంది, మూడు కిలోవాట్లు పెడితే నెలకి 350 యూనిట్లు దాటుతుంది, మామూలు మధ్యతరగతి ఇంటికి అది సరిపోతుంది కూడా. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది, కోటి ఇళ్ళు టార్గెట్, 75,021 కోట్ల బడ్జెట్, మొదటి రెండు కిలోవాట్లకి ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల సబ్సిడీ. బ్యాంకులు లోన్ ఇస్తున్నాయి. ప్యానెళ్ళ రేటు పదేళ్ళ కిందటితో పోలిస్తే నేల మీదకి దిగింది. మరి ఇన్ని ఉన్నా బెజవాడ డాబాల మీద ఇంకా వడియాలే ఎక్కువ కనపడుతున్నాయంటే ఆగింది డబ్బు దగ్గర కాదనే అర్థం. ఆగేది కాగితం దగ్గర, తీగ దగ్గర. ఆ రెండిటికీ కలిపి పెట్టిన పేరే ప్లానింగ్.

ప్లానింగ్ అనగానే మనకి మున్సిపల్ ఆఫీసు, బ్లూప్రింట్, సెట్‌బ్యాక్, టౌన్ ప్లానింగ్ వాళ్ళొచ్చి టేపు పెట్టి కొలవడం గుర్తొస్తాయి. అసలు సంగతి అంతకన్నా పెద్దది. ఏ భూమిలో ఏం కట్టొచ్చు, ఏ పొలం మీదుగా లైను వెళ్ళొచ్చు, సబ్‌స్టేషన్‌కి చోటు ఎక్కడ, ఎవరు ఎన్ని రోజుల్లో ఔనో కాదో చెప్పాలి, ఇవన్నీ ప్లానింగే. ఇందులో ఒక్క వాక్యం అడ్డం తిరిగినా ఒక పరిశ్రమ మొత్తం పడుకుంటుంది, దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లాండ్‌లో ఉంది. అక్కడ 2015లో నేల మీద గాలిమరలకి ప్లానింగ్ రూల్స్ బిగించారు, స్థానికుల అభ్యంతరాలన్నీ తీరితే తప్ప పర్మిషన్ ఇవ్వొద్దన్నట్టు, తర్వాత అదే మాట జాతీయ ప్లానింగ్ పాలసీలో ఓ ఫుట్‌నోట్ కింద చేరింది. నిషేధం అని ఎక్కడా రాయలేదు గానీ ఊళ్ళో ఒకరిద్దరు అడ్డం చెప్పినా పని ఆగిపోయేది కాబట్టి తొమ్మిదేళ్ళ పాటు కొత్త గాలిమరలు దాదాపు లేచిందే లేదు. 2024 జులైలో కొత్త ప్రభుత్వం వచ్చిన వారంలోపే ఆ ఫుట్‌నోట్ తీసేస్తున్నామని చెప్పింది. గాలి మారలేదు, మర మారలేదు, కాగితం అడుగున ఉన్న చిన్నక్షరాలు మారాయి, అంతే.

మన దగ్గర చిన్నక్షరాల గొడవ వేరే రకం. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత సోలార్, విండ్ ఒప్పందాల రేట్లు మళ్ళీ మాట్లాడాలని కమిటీ వేసింది, కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న రేటు ప్రకారమే కట్టాలని తేల్చింది. రేటు ఎక్కువా తక్కువా అన్న వాదన పక్కన పెడితే, మధ్యలో పోయిన మూడేళ్ళు ఎవరికీ తిరిగి రావు, 25 ఏళ్ళ ఒప్పందాన్ని ఐదేళ్ళ ప్రభుత్వం కదపగలదని తెలిశాక బ్యాంకువాడు వడ్డీలో ఆ భయాన్ని కలుపుకుంటాడు, ఆ వడ్డీ చివరికి మన యూనిట్ రేటులోకే వస్తుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఇంటిగ్రేటెడ్ క్లీన్ ఎనర్జీ పాలసీ ఆ మచ్చ తుడవడానికి గట్టిగానే ప్రయత్నించింది, 160 గిగావాట్ల పైన సామర్థ్యం, 10 లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అని టార్గెట్లు పెట్టింది. రాష్ట్రం మొత్తం వేసవి పీక్ డిమాండ్ 13 గిగావాట్ల చుట్టూ ఉంటుంది, అంటే ఆ 160 మన ఇంట్లో వాడుకోవడానికి కాదు, బయటికి అమ్మడానికీ, హైడ్రోజన్‌కీ, డేటా సెంటర్లకీ అన్నమాట. ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ పోయి ఇప్పుడు స్పీడ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ అంటున్నారు, విశాఖకి గూగుల్ 15 బిలియన్ డాలర్లు పెడతానని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది కూడా.

ఇదంతా బాగానే ఉంది. చిక్కేంటంటే ఈ స్పీడంతా పెద్ద ఫైళ్ళకే. వెయ్యి ఎకరాలు కావాలన్నవాడికి ఆఫీసర్లే ఎదురెళ్తారు, ఆటోనగర్‌లో లేత్ మిషన్ పెట్టుకుని పదిమందికి పని ఇచ్చేవాడు శాంక్షన్డ్ లోడ్, అంటే వాడుకోవడానికి మంజూరైన కరెంటు హద్దు, పెంచుకోవాలంటే మాత్రం అప్లికేషన్, ఎస్టిమేట్, చార్జీలు కట్టడం, పని కోసం లైన్‌లో కరెంటు ఆపే లైన్ క్లియర్ దొరికే రోజు కోసం చూడటం, వీటన్నిటికీ తనే తిరగాలి. విజయవాడ గుంటూరు మధ్య ఆర్థిక వ్యవస్థ నడిచేది ఇలాంటోళ్ళ మీదే. బాడీ బిల్డింగ్ షెడ్లు, రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, మంగళగిరి మగ్గాలు, కోల్డ్ స్టోరేజీలు, ఐస్ ఫ్యాక్టరీలు. ఇక్కడ గ్రోత్ అంటే గిగావాట్ కాదు, వీధి చివర స్తంభాల మధ్య కూర్చున్న 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే రూఫ్‌టాప్ సోలార్ కథ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. దాన్ని పెట్టినప్పుడు కరెంటు పైనించి కిందకి, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఇంటికి రావడానికే లెక్కేశారు. ఒక వీధిలో అరవై ఇళ్ళున్నాయి, అందులో నలభై మంది తలా మూడు కిలోవాట్లు పెట్టారనుకుందాం, మొత్తం 120 కిలోవాట్లు. మధ్యాహ్నం ఆఫీసులకి, స్కూళ్ళకి వెళ్ళిపోయి ఇళ్ళన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఆ కరెంటు వాడే దిక్కుండదు, వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్ వైపు తోసుకొస్తుంది. లైన్‌లో వోల్టేజ్ పెరుగుతుంది, ఓ హద్దు దాటగానే ఇన్వర్టర్లు వాటంతట అవే ఆగిపోతాయి, ఎండ ఫుల్లుగా ఉన్న టైమ్‌లోనే మీటర్ తిరగదు. ఇంటాయన ప్యానెల్ పాడైందనుకుని ఇన్‌స్టలేషన్ చేసిన కుర్రాడికి ఫోన్ చేస్తాడు, వాడొచ్చి చూస్తే అంతా బాగానే ఉంటుంది. వీధికి ముందు పెట్టుకున్నవాళ్ళకి ఈ బాధ ఉండదు, ఇరవయ్యో వాడికి మొదలవుతుంది.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల రూల్స్ మార్చింది. 10 కిలోవాట్ల లోపు రూఫ్‌టాప్‌కి టెక్నికల్ ఫీజిబిలిటీ స్టడీ అక్కర్లేదు, అప్లై చేస్తే అంగీకరించినట్టే, 5 కిలోవాట్ల దాకా లైను గట్టిపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కమే, అంటే కరెంటు పంపిణీ కంపెనీయే పెట్టుకోవాలి. నిజంగా మంచి సంస్కరణ, సందేహం లేదు. కాకపోతే అడగకుండా ఔను అనేస్తే సరిపోదు, ఎక్కడ ఎంత పడుతుందో ముందే తెలియాలి. ఇక్కడ మన ఏరియా చూసే డిస్కం సీపీడీసీఎల్, హెడ్డాఫీసు బెజవాడలోనే, ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడ్ ఉందో, ఇంకా ఎన్ని కిలోవాట్ల సోలార్ పడుతుందో వీధివారీగా మ్యాప్ పెట్టి జనానికి చూపిస్తే సగం తలనొప్పి తగ్గిపోతుంది. ఇల్లు కొనేవాడు వాస్తు ఎలా చూసుకుంటాడో ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీ కూడా అలా చూసుకుంటాడు.

ఇంతకీ కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే చోటేది. కానూరు, తాడేపల్లి, గోరంట్ల వైపు వస్తున్న లేఔట్లు చూడండి, పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి, రోడ్లు ఇంత వెడల్పుండాలి, ఇవన్నీ అప్రూవల్‌లో చూస్తారు. పదేళ్ళ తర్వాత ఈ ప్లాట్లన్నీ జీ ప్లస్ ఫోర్ అయ్యి ఒక్కో ఫ్లాట్‌కి రెండు ఏసీలు, కింద పార్కింగ్‌లో నాలుగు ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తే ఆ కరెంటు ఇచ్చే డబ్బాకి స్థలమేదని మాత్రం ఎవరూ పెద్దగా పట్టుబట్టరు. చివరికి అది రోడ్డు మలుపులో డ్రైనేజీ మీద దిమ్మె కట్టి పెడతారు, పక్కనే టిఫిన్ బండి, కంచె మీద ఆరేసిన గుడ్డలు, వానొస్తే చుట్టూ నీళ్ళు. లేఔట్ గీసేటప్పుడు రెండు సెంట్లు పక్కన పెట్టడం ఎంత సేపు, ఇళ్ళు లేచాక అదే రెండు సెంట్లు ఎవరిస్తారు.

గుంటూరు వైపు వెళ్తే లెక్క ఇంకోలా ఉంటుంది. మిర్చి యార్డు చుట్టూ వందకి పైగా కోల్డ్ స్టోరేజీలున్నాయి. జనవరి చివర నుంచి కొత్త కాయ దిగుతుంది, రేటు నచ్చని రైతు, ముందుచూపున్న వ్యాపారి ఇద్దరూ మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏసీకి ఎక్కిస్తారు, ఇక్కడ కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు కదా. ఎండలో ఆరిన వేడి కాయ లోపలికి వెళ్తుంది కాబట్టి దాన్ని చల్లబరచడానికి అమ్మోనియా కంప్రెసర్లు మార్చి నుంచి మే దాకా ఊపిరాడకుండా తిరుగుతాయి. సోలార్ బాగా ఇచ్చే నెలలు కూడా సరిగ్గా అవే. పైన అంత విశాలమైన కప్పు ఉంది, కింద పగటి పూట అంత లోడ్ ఉంది, ఇంతకన్నా కుదిరిన సంబంధం ఎక్కడ దొరుకుతుంది. పైగా కప్పు మీద ప్యానెల్ నీడ పడితే లోపలికి వెళ్ళే వేడి తగ్గుతుంది, అది బోనస్. కానీ పాత బిల్డింగులకి కప్పు ఆ బరువు మోస్తుందా అని స్ట్రక్చరల్ ఇంజనీర్ సర్టిఫికెట్ కావాలి, కట్టినప్పటి డ్రాయింగులేమో ఓనర్ దగ్గరే ఉండవు. సొంత కప్పు కుదరని వాళ్ళకి ఇంకో దారి ఉంది. 2022లో వచ్చిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ రూల్స్‌తో 100 కిలోవాట్ల లోడ్ ఉన్నవాళ్ళెవరైనా బయట సోలార్ ప్లాంట్ నుంచి నేరుగా కరెంటు కొనుక్కోవచ్చు, అంతకు ముందు ఈ హద్దు 1 మెగావాట్ ఉండేది. అప్లికేషన్ పెట్టిన 15 రోజుల్లో తేల్చకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. డిస్కం తీగలు వాడుకున్నందుకు వీలింగ్ చార్జీలు, డిస్కంని వదిలి బయట కొన్నందుకు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ అన్నీ కలిపాక ఎంత మిగులుతుందనేది మాత్రం పెన్ను పేపర్ పట్టుకుని కూర్చోవాల్సిన వ్యవహారం, ఆడిటర్ చెప్పేదాకా ఆగాల్సిందే.

బయట ప్లాంట్ అంటే రాయలసీమే. ఒక మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు కావాలి, ఇక్కడ ఎకరం కోట్లలో పలికే మూడు పంటల నేలలో ప్యానెల్స్ పరవమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్ 1000 మెగావాట్లు సుమారు 6 వేల ఎకరాల్లో ఉంది, రాళ్ళ నేల, అక్కడ అది సబబే. అక్కడి కరెంటు ఇక్కడికి రావాలంటే మధ్యలో టవర్లు నడవాలి, ప్లానింగ్‌లో అసలు ముడి ఇక్కడే పడుతుంది. ప్లాంట్ ఏడాదిన్నరలో లేస్తుంది, లైను మూడు నాలుగేళ్ళు పడుతుంది. చట్టం ప్రకారం రైతు భూమి తీసుకోరు, టవర్ పాతుకుంటారు, తీగ లాక్కుంటారు, నష్టపరిహారం ఇస్తారు. కానీ తీగ కింద ఇల్లు కట్టలేరు, కొబ్బరి చెట్టు పెంచలేరు, పిల్ల పెళ్ళికి ఓ ఎకరం తీద్దామంటే బేరగాడు వచ్చి పైకి చూసి వెళ్ళిపోతాడు. 2024 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ గైడ్‌లైన్స్ ఇచ్చింది, టవర్ కాళ్ళ మధ్య భూమికి విలువలో 200 శాతం, తీగ కింద కారిడార్‌కి 30 శాతం. ముందుకన్నా నయమే. అయితే ఆ విలువ రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలోదా, ఊళ్ళో నడిచే రేటా అన్న దగ్గరే రైతు ట్రాక్టర్ అడ్డం పెడతాడు, అందులో తప్పు పట్టడానికేం లేదు.

భూమి రంగు, అంటే ప్లాన్ మ్యాప్‌లో దాని వాడకం, మార్చడం గురించి ఈ ప్రాంతానికి ఓ జ్ఞాపకం ఉంది. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కోసం 1978 నుంచి ఉన్న వీజీటీఎం ఉడా పోయి 2014 డిసెంబర్‌లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ వచ్చింది, తర్వాత పర్‌స్పెక్టివ్ ప్లాన్‌లో చాలా ఊళ్ళని అగ్రి జోన్ కింద గీశారు. పంట భూములు కాపాడటం మంచిదే కదా అనుకుంటాం, రైతులు మాత్రం భగ్గుమన్నారు. పక్క ఊరు రాజధాని అయ్యి వాళ్ళ పొలం బంగారమవుతుంటే మా పొలం మాత్రం ఎప్పటికీ పొలమేనా అని. ప్లాన్ గీసినవాళ్ళకి అది పచ్చ రంగు, కింద ఉన్నవాళ్ళకి అది రేటు. పొలాన్ని పొలంగా ఉంచినందుకు వాళ్ళకేం ఇస్తారో చెప్పకుండా గీసిన గీత ఎక్కువ కాలం నిలబడదు. పొలం గట్టు మీద మోటారుకి సోలార్ పెట్టి మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కి అమ్ముకునే కుసుమ్ లాంటి పథకాలు అక్కడ సరిగ్గా పనికొస్తాయి, నేల పోదు, చేతికి నాలుగు డబ్బులొస్తాయి.

అలాగని రూల్స్ అన్నీ ఎత్తేస్తే వృద్ధి పరుగెత్తుకొస్తుందా అంటే ఆ మాట బెజవాడలో అంటే కొడతారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డ రోజు ఎవరూ మర్చిపోలేదు. అదే టైమ్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు వరద. ఏరు పారే దారిలో ఇళ్ళు లేచాయి, ముందు కట్టుకుని తర్వాత బీపీఎస్, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ కింద డబ్బులు కట్టి రెగ్యులరైజ్ చేయించుకోవడం మనకి అలవాటు, నీళ్ళకి ఆ రశీదు చూపిస్తే ఆగవు కదా. మొదటి అంతస్తు దాకా నీళ్ళు, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ లేక లోపలున్నవాళ్ళు బతికున్నారో లేదో బయటివాళ్ళకి తెలీదు. నేల మీద దిమ్మెల్లో ఉన్న మీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మునిగితే నీళ్ళు దిగినా ఆరబెట్టి టెస్ట్ చేసేదాకా సప్లై ఇవ్వలేరు. సబ్‌స్టేషన్ ఎంత ఎత్తులో ఉండాలి, వరద దారిలో ఏం కట్టకూడదు అని చెప్పేది కూడా ప్లానింగే. కాబట్టి పర్మిషన్ తొందరగా ఇవ్వడం ఒక సంస్కరణ అయితే, ఇవ్వకూడని చోట గట్టిగా కాదనడం దానికి రెండో చెయ్యి. వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చాలంటే అనుమతి కావాలన్న 2006 నాటి నాలా చట్టాన్ని రద్దు చేయాలని 2025లో నిర్ణయించారు, బిల్డింగులకి సెల్ఫ్ సర్టిఫికేషన్ తెచ్చారు, ఇవన్నీ ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గించేవే, ఆ మేరకు సంతోషం. కానీ ఒక మెట్టు తీసేసినప్పుడు ఆ మెట్టు మీద ఎవరైనా వరద మ్యాప్ చూసేవాడు ఉన్నాడా అని కూడా చూసుకోవాలి.

ఇక రాత్రి సంగతి. పన్నెండింటికి పొంగిపొర్లే కరెంటు సాయంత్రం ఆరున్నరకి సున్నా, సరిగ్గా అప్పుడే జనం ఇళ్ళకొచ్చి ఏసీలు వేస్తారు. ఇంద్రకీలాద్రి రాళ్ళు పగలు తాగిన వేడి రాత్రి పదకొండు దాకా కక్కుతూనే ఉంటాయి కాబట్టి ఇక్కడ సాయంత్రం పీక్ త్వరగా దిగదు కూడా. దాచుకునే దారి లేకపోతే వీటీపీఎస్ పొయ్యి ఆరేది లేదు. నిజానికి దాచుకోవడం మనకి కొత్తేం కాదు. నాగార్జునసాగర్ మెయిన్ పవర్ హౌస్‌లో ఎనిమిది యూనిట్లుంటే అందులో ఏడు వెనక్కి తిరిగి నీళ్ళు పైకి తోడగలిగేవి, ఎప్పుడో బిగించినవే. తోడాలంటే కింద నీళ్ళు నిలవాలి, అందుకే పల్నాడులో సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్, అంటే కింది చెరువు, కట్టారు, అక్కడా 50 మెగావాట్ల పవర్ హౌస్ ఉంది. రాష్ట్రం విడిపోయాక మెయిన్ పవర్ హౌస్ తెలంగాణకి, టెయిల్‌పాండ్ ఆంధ్రాకి వచ్చింది, ఒకే నీళ్ళ మీద ఇద్దరు యజమానులు. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ అదే సూత్రం మీద, నదికి సంబంధం లేకుండా రెండు చెరువుల మధ్య నీళ్ళు తిప్పుతుంది. పెద్ద స్టోరేజ్ అక్కడ, చిన్న బ్యాటరీలు ఇక్కడి సబ్‌స్టేషన్లలో, రెండూ కావాలి.

అమరావతికి ఒక అదృష్టం ఉంది, ఖాళీ కాగితం. 217 చదరపు కిలోమీటర్లు, కేబుళ్ళన్నీ భూమి లోపల డక్టుల్లో, సబ్‌స్టేషన్‌కి చోటు ముందే, ప్రభుత్వ బిల్డింగులన్నిటికీ ఒకే చోటి నుంచి చల్లటి నీళ్ళు పంపే డిస్ట్రిక్ట్ కూలింగ్. బెజవాడకి ఆ అదృష్టం లేదు, ఉన్న డాబాలతోనే కాపురం. అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్, మోటారు, మెట్ల లైట్లకి అసోసియేషన్ పేరు మీద సోలార్ పెట్టుకుంటే సూర్యఘర్ కింద కిలోవాట్‌కి 18 వేల సబ్సిడీ ఉంది, చాలామందికి తెలీదు. తెలిసినా డాబా ఎవరిదన్న దగ్గర ఆగిపోతారు, పై ఫ్లాట్ ఆయన తనదంటాడు, బిల్డర్ అమ్మలేదంటాడు, దస్తావేజులో ఉమ్మడి అని ఉంటుంది, పెంట్‌హౌస్ మాత్రం ఎప్పుడో లేచి ఉంటుంది. కొత్తగా అప్రూవల్‌కి వచ్చే ప్రతి ప్లాన్ షీట్‌లో ఓవర్‌హెడ్ ట్యాంక్‌కి చోటు గీస్తారు, లిఫ్ట్ రూమ్‌కి గీస్తారు, మెట్ల గదికి గీస్తారు. దక్షిణం వైపు నీడ పడని ఓ 300 చదరపు అడుగులు గీసి, ఇది ఉమ్మడి ప్యానెళ్ళ చోటు అని రాసి, కిందకి ఓ పైపు వదలమంటే బిల్డర్‌కి అయ్యే ఖర్చు ఆ పైపు ఖర్చే. పాత బిల్డింగుల్లో మాత్రం ముందు ఆ డిష్ యాంటెన్నాలు ఎవరివో కనుక్కుని దింపించాలి.